నాలుగు గొంతులు – అరవై నాలుగు వరుసలు

ఒక పాట కట్టాలంటే ఏం కావాలి? ఎవరిని అడిగినా జవాబు రమారమి ఒకటే వస్తుంది. మంచి గురువు కావాలి, వాద్యం కావాలి, సాధనకు తీరిక కావాలి, ఆపైన రికార్డింగుకు డబ్బు కావాలి. ఇవన్నీ నిజమే, కాదనటానికి వీల్లేదు. కాని ఈ నాలుగూ అమరిన ఇల్లు మన విద్యార్థుల్లో ఎందరికుంది? కీబోర్డు కొనాలన్నా వేలు, స్టూడియోలో కూర్చోవాలన్నా వేలు. అందుచేత సంగీతం మీద ఆసక్తి వున్నవాళ్ళలో చాలామంది వినేవాళ్ళుగానే మిగిలిపోతున్నారు. కాలేజీ డే వచ్చిందంటే ఎవరిదో పాట, ఎవరో కట్టిన ట్రాకు, దానిమీద మన గంతులు!

ఈ వ్యాసంలో నేను మనవి చేయదలచుకున్నది ఒక్కటే. ఒక పాత కంప్యూటరు, పైసా ఖర్చు లేకుండా దొరికే ఒక చిన్న సాఫ్టువేరు, అరవై నాలుగు దాకా లెక్కపెట్టగల ఓపిక – ఈ మూడూ వుంటే సొంత పాట కట్టవచ్చు. ఆ సాఫ్టువేరును ట్రాకరు అంటారు. దాంతో తయారయ్యే పాతకాలపు వీడియోగేము ఫక్కీ సంగీతానికి చిప్‌ట్యూను అని పేరు. పేర్లు విదేశీయే గాని, పని చేసే పద్ధతి మన స్వరలిపికి దగ్గర చుట్టం. ఆ చుట్టరికం ఎలాంటిదో, దానితో మనకు పనేమిటో చూద్దాం.

చిప్పు గొంతు

1990లలో మన వూళ్ళలో టీవీకి తగిలించి ఆడుకునే వీడియోగేము పెట్టెలు చాలామందికి జ్ఞాపకం వుండే వుంటాయి. వేసవి సెలవుల్లో ఒక ఇంట్లో పెట్టె వుంటే వీధి పిల్లలంతా ఆ ఇంట్లోనే. వాటిలో చాలా భాగం 1983లో జపానులో నింటెండో సంస్థ విడుదల చేసిన ఫ్యామికాం అనే యంత్రానికి నకళ్ళు. ఆ అసలు యంత్రంలో ధ్వనికి కేటాయించినవి ఐదే ఐదు గొంతులు. రెండు చదరపు తరంగాలు, ఒక త్రిభుజ తరంగం, ఒక రొద, ఐదవది చిన్న చిన్న రికార్డు ముక్కలను వినిపించేది. 1985లో కోజీ కోండో అనే ఆయన సూపర్ మారియో ఆటకు చేసిన సంగీతమంతా ఈ ఇరుకులోనే ఇమిడింది. అంతకు ముందు 1982లో వచ్చిన కమడోర్ 64 అనే కంప్యూటరులో, బాబ్ యాన్నెస్ రూపకల్పన చేసిన సిడ్ అనే చిప్పుకు వున్నవి మూడే గొంతులు. 1989 నాటి గేమ్‌బాయ్‌కి నాలుగు.

చదరపు తరంగం అంటే ఏమిటో సైన్సు విద్యార్థులకు చెప్పనక్కరలేదు. ఫిజిక్సు లాబులో ఆసిలోస్కోపు తెర మీద అందరూ చూసినదే. వోల్టేజి పైకి వుంటుంది, లేదా కిందికి వుంటుంది. మధ్యేమార్గం లేదు. సెకనుకు 440 సార్లు ఇలా ఎగిరి దిగితే మన చెవికి ఒక స్వరం వినిపిస్తుంది. పైనున్న సమయం, కిందనున్న సమయం సమానమైతే గొంతు కాస్త డొల్లగా, పిల్లనగ్రోవికి పెద్దన్నలా వుంటుంది. పైన పావువంతే వుంచితే సన్నబడి, ముక్కుతో పాడినట్టవుతుంది. గణితంలో చెప్పాలంటే, సమానంగా వున్న చదరపు తరంగంలో మూల ధ్వనితో పాటు దానికి 3 రెట్లు, 5 రెట్లు, 7 రెట్లు – ఇలా బేసి రెట్ల ధ్వనులు మాత్రమే వుంటాయి. వాటి బలం మూడోవంతు, ఐదోవంతు, ఏడోవంతు. త్రిభుజ తరంగంలోనూ బేసి రెట్లే గాని, బలం తొమ్మిదోవంతు, ఇరవై ఐదోవంతుగా తొందరగా పడిపోతుంది. అందుకనే అది మెత్తగా వుంటుంది, కింది స్థాయిలో ఆధార శ్రుతికి పనికొస్తుంది. ఇక రొద సంగతి: రేకుల కప్పు మీద వాన చప్పుడు అనుకోండి. దాన్ని తుంపులు తుంపులుగా వదిలితే తాళం చప్పుడు!

పాఠం పుస్తకంలో ఫోరియర్ శ్రేణి చదివి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం ఎందరమో వున్నాం. దాన్ని చెవితో విన్నవాళ్ళం ఎందరం? చిప్పు సంగీతం చేస్తే ఆ పాఠం వినిపిస్తుంది.

కాలువలు, వరుసలు

మొదట్లో ఈ యంత్రాలకు సంగీతం రాయాలంటే ప్రోగ్రాము రాయడం వచ్చి తీరాలి. స్వరాలన్నీ అంకెలే. 1987లో జర్మనీకి చెందిన కార్‌స్టెన్ ఒబార్‌స్కీ, కమడోర్ వారి అమీగా కంప్యూటరు కోసం అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ అనే ప్రోగ్రామును తయారుచేశాడు. తరువాత వచ్చిన ట్రాకర్లన్నీ ఏదో ఒక రకంగా దాని సంతానమే. ప్రోట్రాకర్ దాని వారసుడు. 1994లో ఫాస్ట్‌ట్రాకర్ 2, 1995లో ఇంపల్స్ ట్రాకర్ మామూలు పీసీలకు వచ్చాయి.

ట్రాకరు తెర చూస్తే మొదట కంగారు పుడుతుంది. సంగీతం సాఫ్టువేరులాగా వుండదు, కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలా వుంటుంది! నిలువుగా నాలుగు గళ్ళు, అడ్డంగా అరవై నాలుగు వరుసలు. నిలువు గడికి ఛానెలు అని పేరు. ఛానెలంటే కాలువే. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీళ్ళు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలుగా విడిపోయినట్టు, ఇక్కడ కాలం నాలుగు కాలువల్లో ఒకే వేగంతో పైనుంచి కిందికి ప్రవహిస్తుంది. ఒక్కొక్క కాలువలో ఒక సమయానికి ఒక్క స్వరమే. 64 వరుసల ఈ పలకను ప్యాటర్ను అంటారు.

ఒక్కొక్క వరుసలో నాలుగు సంగతులు రాస్తాం. ఏ స్వరం? ఏ వాయిద్యం? ఎంత గట్టిగా? దాన్ని ఎలా పలకాలి? ఈ నాలుగో దానికి ఎఫెక్టు గడి అని పేరు. స్వరం పైకి జారాలా, కింది స్వరం నుంచి పాకాలా, వణకాలా – ఇదంతా ఆ గడిలో ఒక అంకె, ఒక అక్షరం వేసి చెబుతాం.

ఇక్కడే చుట్టరికం బయటపడుతుంది. మన గురువులు తెల్లకాగితం మీద గీతలు గీసి, తాళాన్ని గళ్ళుగా విడగొట్టి, ఒక్కొక్క గడిలో స, రి, గ, మ అని రాసి చూపించేదీ ఇదే కదా! ఇంతేకాదు. 1904లో ఎట్టయాపురంలో సుబ్బరామ దీక్షితులవారు ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో అచ్చయిన గ్రంథం. అందులో స్వరాలు రాసి వూరుకోలేదు. కంపితం, జారు వంటి గమకాలకు వేరు వేరు గుర్తులు ఏర్పరచి స్వరంతో పాటు అచ్చు వేయించారు. స్వరానికి ఒక గుర్తు, దాన్ని పలికే తీరుకు మరొక గుర్తు. ట్రాకరులో స్వరం గడి, ఎఫెక్టు గడి చేసే పని సరిగ్గా అదే. ఒకటి చూసి మరొకటి పుట్టిందని నేను అనటం లేదు. పాటను కాగితం మీద పెట్టాలని కూర్చున్న మనిషి ఏ దేశంలో వున్నా ఈ గళ్ళ దగ్గరకే వస్తాడని నా అభిప్రాయం.

తాళం లెక్క

ట్రాకరు గడియారం మామూలు అమరికలో సెకనుకు 50 సార్లు కొట్టుకుంటుంది. యూరపు టీవీ తెరలు సెకనుకు 50 సార్లు మారేవి కాబట్టి ఆ లెక్క వచ్చింది. మన గోడలోని కరెంటు తిరిగేది కూడా సెకనుకు 50 సార్లే. ఒక్కొక్క దెబ్బను టిక్కు అంటారు. ఆరు టిక్కులకు ఒక వరుస ముందుకు జరుగుతుంది. అంటే ఒక వరుసకు 0.12 సెకను. అరవై నాలుగు వరుసలకు 7.68 సెకన్లు.

ఇప్పుడు ఆదితాళం తీసుకోండి. ఎనిమిది అక్షరాలు. చతురస్ర గతిలో అక్షరానికి నాలుగు మాత్రలు. ఎనిమిది నాలుగుల ముప్పై రెండు. కాబట్టి ఒక ప్యాటర్నులో ఆదితాళం రెండు ఆవర్తాలు సరిగ్గా పడతాయి, ఒక్క వరుస మిగలదు, ఒక్క వరుస తగ్గదు. జర్మనీ కుర్రవాడు పెట్టిన అరవై నాలుగు మన ఆదితాళానికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది! స్పీడు 6 అని వున్నచోట 12 వేస్తే అదే పాట రెండింతలు నెమ్మదిస్తుంది. రెండో కాలం మొదటి కాలమైందన్న మాట.

మరి మిశ్రచాపు సంగతేమిటి? ఏడు అక్షరాలు, నాలుగేసి మాత్రలు, ఇరవై ఎనిమిది. రెండు ఆవర్తాలకు 56 వరుసలు. మిగిలిన ఎనిమిది వరుసలను ఏం చెయ్యాలి? 56వ వరుసలో ఎఫెక్టు గడిలో ‘డి00’ అని వేస్తే, అక్కడితో ఆపి తరువాతి ప్యాటర్నుకు దూకుతుంది. ఖండచాపు అయితే ఐదు నాలుగుల ఇరవై, మూడు ఆవర్తాలకు 60 వరుసలు. సినిమా పాటల నాలుగు లెక్కకు అలవాటుపడిన చెవికి ఈ ఐదు, ఏడు లెక్కలు పట్టుబడటానికి ఇంతకన్న చౌకయిన గురువు లేడు. యంత్రం కాబట్టి విసుక్కోదు, లెక్క తప్పదు.

ప్యాటర్నులను ఏ క్రమంలో వాయించాలో ఒక పట్టీ రాస్తాం. పల్లవి ఒక ప్యాటర్ను, అనుపల్లవి ఒకటి, చరణానికి రెండు. పట్టీలో పల్లవి, పల్లవి, అనుపల్లవి, పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి అని వేస్తే చాలు. పల్లవి ఒక్కసారే రాస్తాం, ఎన్నిసార్లయినా పాడిస్తాం.

నాలుగు స్వరాల పాఠం

ఇక స్వరాల దగ్గరకు వద్దాం. నాలుగు గొంతులతో సంగీతమేమిటి, పిల్లకాయల ఆట కాకపోతే అని కొందరనవచ్చు. అలాంటివారికి మన సీమ నుంచే ఒక దృష్టాంతం వుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930 జులై 6న ఇప్పటి కోనసీమ జిల్లాలోని శంకరగుప్తంలో జన్మించారు. 72 మేళకర్తలలోనూ కృతులు రచించిన ఆ విద్వాంసుడే మరొకపక్క స్వరాలను తగ్గించుకుంటూ వెళ్ళారు. మహతి, లవంగి రాగాలకు నాలుగేసి స్వరాలు. గణపతి, సర్వశ్రీ రాగాలకు మూడేసి. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలని కొందరు పెద్దలు ఆక్షేపించారు, వాదోపవాదాలు జరిగాయి. ఆయన మాత్రం పాడి చూపించారు. తక్కువ స్వరాలతో వూరుకోవటం చేతగాక కాదు, తక్కువలో ఎంత చెప్పవచ్చునో చూడటానికి. చిప్పు సంగీతం చేసేవాడికి ఇంతకన్న పెద్ద ధైర్యం ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి మన మొదటి పాఠం మహతిలోనే చేద్దాం. దాని స్వరాలు షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం. షడ్జమాన్ని సున్న అనుకుని అర్ధస్వరాల్లో లెక్కిస్తే 0, 4, 7, 10. ట్రాకరులో మామూలు టైపింగు కీబోర్డే హార్మోనియం మెట్లుగా మారుతుంది. కింది వరుసలో జెడ్ మీట షడ్జమం అయితే సి మీట గాంధారం, బి మీట పంచమం, దాని పై వరుసలోని జె మీట నిషాదం. ఈ నాలుగు మీటలే మన సరుకు.

మిల్కీట్రాకర్ తెరిచి, శాంపిలు ఎడిటరులో 32 బిందువుల నిడివి గల ఖాళీ శాంపిలు సృష్టించండి. 16 బిందువులు పైకి, 16 కిందికి గీస్తే సమాన చదరపు తరంగం. అదే మరొక వాయిద్యంలో 8 పైకి, 24 కిందికి గీస్తే సన్నగొంతు. మూడో దానిలో ఏటవాలుగా ఎక్కి దిగే త్రిభుజం. నాలుగో దానిలో రెండు వేల బిందువుల రొద. మొదటి మూడింటికి తప్పనిసరిగా లూపు పెట్టాలి, లేకపోతే ‘టక్’మని ఆగిపోతాయి. 32 బిందువులే ఎందుకంటే, ట్రాకరులో ‘సి-4’ స్వరానికి శాంపిలు సెకనుకు 8,363 బిందువుల వేగంతో నడుస్తుంది. దాన్ని 32తో భాగిస్తే 261. హార్మోనియం మీద మధ్య ‘సి’ మెట్టు పలికేదీ దాదాపు అంతే. ఇలా శ్రుతి దానంతటదే కుదురుతుంది.

ఇప్పుడు మొదటి కాలువలో ప్రతి నాలుగో వరుసలోనూ ఒక స్వరం వేయండి. వరుసల లెక్క సున్నతో మొదలవుతుంది:

వరుస 0 – స
వరుస 4 – గ
వరుస 8 – ప
వరుస 12 – ని
వరుస 16 – పై స
వరుస 20 – ని
వరుస 24 – ప
వరుస 28 – గ

ఎనిమిది అక్షరాలకు ఎనిమిది స్వరాలు. ఆరోహణ, అవరోహణ ఒక్క ఆవర్తంలో పూర్తయి, మళ్ళీ షడ్జమం దగ్గర సమం పడుతుంది. రెండో కాలువలో ఇవే స్వరాలను మూడు వరుసలు ఆలస్యంగా, మూడోవంతు గట్టితనంతో వేయండి. గుడి మండపంలో పాడినట్టు ప్రతిధ్వని వస్తుంది. పాత వీడియోగేముల సంగీతకారులు వాడిన చిట్కా ఇది. మూడో కాలువలో త్రిభుజంతో కింది స్థాయి షడ్జమం, పంచమం తంబురాలాగా నిలిపివుంచండి. నాలుగో కాలువలో రొదను 0, 16, 24 వరుసల్లో చిన్నగా వదలండి. లఘువు, ద్రుతం, ద్రుతం – ఆదితాళం మూడు దెబ్బలు పడ్డాయి!

మరొక చిట్కా కూడా చెప్పుకోవాలి. నాలుగే కాలువలున్నప్పుడు మూడు స్వరాలు కలిసి పలికే మేళనం ఎలా? ఎఫెక్టు గడిలో ‘047’ అని వేస్తే, ఒకే కాలువ మొదటి టిక్కులో మూలస్వరం, రెండో టిక్కులో దానికి నాలుగు అర్ధస్వరాల పైది, మూడో టిక్కులో ఏడు పైది చకచకా పలుకుతుంది. ఒక్కొక్కటీ 0.02 సెకను. చెవి వాటిని విడదీయలేక మూడూ ఒకేసారి విన్నట్టు భ్రమపడుతుంది. దీన్ని ఆర్పెజియో అంటారు. చిప్‌ట్యూనులో వినిపించే ఆ ‘గిలగిల’ శబ్దం దీనిదే. తమాషా ఏమంటే, 0, 4, 7 అంటే స, గ, ప. బాలమురళిగారి గణపతి రాగానికున్న మూడు స్వరాలూ ఇవే. మేళనం వేరు, రాగం వేరు, ఆ తేడా మరిచిపోకూడదు. కాని అదే ముడిసరుకుతో అక్కడ ఒకరు యంత్రాన్ని మోసం చేస్తే, ఇక్కడ ఒకరు రాగం పాడారు.

గమకం మాటేమిటి?

ఇంతవరకు చదివిన సంగీతజ్ఞులు ‘గమకం లేనిదే మన సంగీతం ఎక్కడిదయ్యా?’ అని నిలదీస్తారు. ప్రశ్న న్యాయమైనది. దాటవేసి ప్రయోజనం లేదు.

ఈ ప్రశ్న హార్మోనియానికి కూడా ఎదురయింది. గమకం పలకదని, మెట్ల శ్రుతి మన శ్రుతి కాదని ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గాని ఆ కట్టు సడలలేదు. కాని ఆ ముప్పై ఏళ్ళూ మన గోదావరి జిల్లాల్లో పద్యనాటకం ఆగిందా? రాత్రి తెల్లవార్లూ హార్మోనియం శ్రుతి మీదే రాగాలు తీశారు, జనం వన్స్‌మోర్లు కొట్టారు. రేడియో వద్దన్న పెట్టె రంగస్థలానికి ప్రాణమయింది. వాద్యం లోపం ఎవరికి తెలియదు? దాన్ని తెలుసుకుని వాడినవాళ్ళదే గొప్ప.

మా పెదనాన్నగారు నాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. నేను కట్టిన మహతి ముక్క ఆయనకు వినిపిస్తే కళ్ళు మూసుకుని విని, “శ్రుతి కుదిరిందిరా అబ్బాయ్, లయా కుదిరింది. ఊపిరే లేదు” అన్నారు.

“మీ పెట్టెకు మాత్రం ఊపిరెక్కడుందండీ?” అన్నాను.

“ఎందుకు లేదూ? కాళ్ళు ఏం చేస్తున్నాయనుకున్నావు? పద్యం ఎత్తుకున్నప్పుడు ఒక తొక్కుడు, రాగం విడిచేటప్పుడు ఒక తొక్కుడు. ఊపిరంతా అందులోనే వుంది” అన్నారాయన.

ఈ ఒక్క మాట ఏ మాన్యువల్లోనూ రాసిలేదు. ట్రాకరులో ప్రతి వరుసకూ గట్టితనం గడి వుంది, సున్న నుంచి 64 దాకా. అదే మన తొక్కుడు. స్వరం ఎత్తుకునేటప్పుడు 64, తరువాతి వరుసలో 48, ఆ తరువాత 40, విడిచేముందు 16 – ఇలా రాస్తే అదే చదరపు తరంగం మనిషి గొంతులా సర్దుకుంటుంది. ఇక ‘3’ అనే ఎఫెక్టు జారు: ఒక స్వరం నుంచి మరొక స్వరానికి తెగకుండా పాకిస్తుంది, ఎంత వేగంగానో మనమే చెప్పాలి. ‘4’ అనేది కంపనం: ఎంత తొందరగా, ఎంత లోతుగా వణకాలో రెండు అంకెలు. వీటితో తోడి పలుకుతుందని నేను చెప్పను. తోడి గాంధారం జోలికి మొదటే పోకండి. మోహన, హంసధ్వని, మహతి వంటివాటితో మొదలుపెడితే నిరుత్సాహం వుండదు.

శ్రుతి మాట కూడా తేల్చుకుందాం. షడ్జమం 240 అనుకుంటే, సహజమైన అంతర గాంధారం దానికి ఒకటింబావు రెట్లు, అంటే 300. హార్మోనియం లెక్కలోనూ, ట్రాకరు లెక్కలోనూ అది 302.4 వస్తుంది. పంచమం 360 వుండవలసింది 359.6 వస్తుంది, అది చెవికి తెలియదు. గాంధారం మాత్రం తెలుస్తుంది. హార్మోనియం మెట్టు బిగించాక వాయించేవాడు చేయగలిగింది లేదు. ట్రాకరులో వుంది. వాయిద్యాన్ని కాపీ తీసుకుని, ఆ కాపీకి ఫైన్‌ట్యూన్ అనే అమరికను అర్ధస్వరంలో ఎనిమిదోవంతు తగ్గించండి – మిల్కీట్రాకర్‌లో ఆ అంకె మైనస్ 16. గాంధారం వచ్చినచోటల్లా ఈ కాపీతో పలికిస్తే 300.2 వస్తుంది. అంటే ఇరవై ఏళ్ళనాటి కంప్యూటరు మీద కూడా, హార్మోనియం ఇవ్వలేని శుద్ధమైన గాంధారం మన చేతికి వస్తుంది.

యంత్రం మీద రాగం పెట్టటం కొత్తేమీ కాదు. 1982లోనే ముంబయి వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలండ్ కంపెనీ యంత్రాలు మూడు పెట్టుకుని పది రాగాలను డిస్కో లయ మీద రికార్డు చేశాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. అందులో స్వరం నుంచి స్వరానికి పాకే ఆ జారు, యంత్రంలో వున్న ఒక చిన్న మీట వల్ల వచ్చినదే.

ఖర్చు లేదు, దాపరికం లేదు

కావలసిన సాఫ్టువేర్లన్నీ ఉచితం. మిల్కీట్రాకర్ విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా నడుస్తుంది. ఓపెన్‌ఎంపీటీ విండోస్‌కి. అచ్చంగా ఆ పాత వీడియోగేము చిప్పు గొంతే కావాలంటే ఫామీట్రాకర్ వుంది. అనేక రకాల చిప్పులు ఒకేచోట కావాలంటే ఫర్నేస్ వుంది. వీటి మూల ప్రోగ్రాము కూడా అందరికీ తెరిచే వుంటుంది. కంప్యూటరు సైన్సు విద్యార్థులు లోపల ఏముందో చదివి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు.

పొదుపు సంగతి వినండి. మాడ్ అనే పాత రూపంలో ఒక వరుసలోని ఒక గడికి నాలుగు బైట్లు. నాలుగు కాలువలు, 64 వరుసలు, వెరసి ప్యాటర్నుకు 1,024 బైట్లు. ఆరు ప్యాటర్నులకు 6,144. తలకట్టు 1,084. మూడు తరంగాలకు 96, రొదకు 2,000. మొత్తం 9,324 బైట్లు. ఆ ఆరు ప్యాటర్నులనూ అటూ ఇటూ తిప్పి పదహారు సార్లు వాయిస్తే రెండు నిమిషాలకు పైగా పాట. అదే రెండు నిమిషాల పాట మామూలు ఎంపీ3గా చేస్తే దీనికి రెండు వందల రెట్లు వుంటుంది.

అన్నింటికన్న ముఖ్యమైనది దాపరికం లేకపోవటం. రికార్డు విన్నప్పుడు ఎలా చేశారో మనకు తెలియదు. మాడ్ ఫైలు తెరిస్తే ఏ వరుసలో ఏ స్వరం, ఎక్కడ జారు, ఎక్కడ కంపనం, అంతా కళ్ళముందే వుంటుంది. పాటా అదే, పాఠమూ అదే. యూరపులో 1980ల చివర ఎందరో కుర్రవాళ్ళు గురువు లేకుండా ఇలా ఒకరి ఫైలు ఒకరు తెరిచి చదివి నేర్చుకున్నారు. వెనకటికి మన ఇళ్ళల్లో స్వరాల నోటుపుస్తకాలు చేతులు మారినట్టే.

అయితే ఒక్క హెచ్చరిక. చూసి నేర్చుకోవటం వేరు, ఎత్తి మన పేరు పెట్టుకోవటం వేరు. సినిమా పాటను చిప్పు గొంతులోకి దించితే ఆటవిడుపుగా బాగానే వుంటుంది, చేతికి సాధన కూడా. కాని అక్కడే ఆగిపోతే మళ్ళీ ఎవరిదో పాట, మన గంతులే! నాలుగు స్వరాలైనా సరే, సొంతంగా పేర్చినప్పుడే చెవి తెరుచుకుంటుంది. ఒక రాగంలో ఏ స్వరం మీద నిలవాలి, ఏది దాటిపోవాలి అన్నది పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రాదు. వరుస చెరిపి మళ్ళీ రాసినప్పుడే తెలుస్తుంది.

విద్యార్థి సంఘం మిత్రులకు నాదొక మనవి. కొత్తవి వచ్చాక పక్కన పెట్టేసిన కంప్యూటర్లు ఏ కళాశాలలోనైనా కొన్ని వుంటాయి. వాటిలో ఒకటి, రెండు స్పీకర్లు, ఒక మూల బల్ల చాలు. ఫిజిక్సువాళ్ళు తరంగాలు గీయండి, లెక్కలవాళ్ళు తాళం గళ్ళు వేయండి, సంగీతం వచ్చినవాళ్ళు రాగం తప్పితే చెవి మెలిపెట్టండి. పూర్వ విద్యార్థుల్లో హార్మోనియం, మృదంగం తెలిసిన పెద్దలుంటే ఒక సాయంత్రం వచ్చి విని, ‘ఊపిరి లేదురా’ అని చెప్పినా అదే పదివేలు. వచ్చే ఏడు కాలేజీ డే నాడు తెర లేచేటప్పుడు వినిపించే ఆ రెండు నిమిషాల సంగీతమైనా మనవాళ్ళు కట్టినదై వుండాలని నా కోరిక. దానికి కావలసిందల్లా తొమ్మిదివేల చిల్లర బైట్లు, కొన్ని సాయంత్రాల తీరిక.